గరుడగల్లు తూర్పు తలుపు

వైశాఖమాసపు ఎండకు కొండరాళ్లు కాలుతుండగా, గరుడగల్లు దుర్గం చుట్టూ శత్రువుల గుడారాలు కనుచూపు మేర పరచుకొని ఉన్నాయి. పడమటి లోయదారిని వారి అశ్వదళం మూసివేసింది. ఉత్తరాన ఏటిరేవును విలుకాండ్రు కాచుకొని ఉన్నారు. తూర్పువాలు మీదుగా ఇనుప తొడుగు వేసిన మహాదూలమొకటి ఏనుగుల చేత ఈడ్వబడి వస్తుంటే, దాని చక్రాల మోత కోటలోని ప్రతి ఇంటికీ వినవస్తూనే ఉంది. పొద్దుగుంకే వేళకు ఆ దూలం తూర్పుతలుపును తాకుతుందని బురుజు మీది కావలివాళ్లు చెప్పుకొంటున్నారు.

ఆ మాట దామన చెవినా పడింది. ఆ తలుపు సంగతి అతడెరుగును. కిందటి వర్షాకాలం దాకా అతడు దుర్గానికి కావలసిన కలప, ఇనుము, తోలు, ధాన్యం ప్రభువు పేరిట కొనే అధికారి. తూర్పుద్వారానికి కొత్త తలుపు కావాలని చాటింపు వేయించినప్పుడు, అడవిదారి వర్తకులు ముదురు టేకును సరసమైన వెలకే ఇస్తామని ముందుకు వచ్చారు. మహామంత్రి పేరయామాత్యుడు వారిని కాదని, ఆ పనిని తన బావమరిది సింగనకు కట్టబెట్టాడు. సింగన తెచ్చిన తలుపు పైకి ఇనుపరేకులతో, ఇత్తడి బొడిపెలతో ధగధగలాడింది. లోపల ఉన్నవి పురుగు తొలిచిన మెత్తని బూరుగుదుంగలు. దామన దానిని నిండు కొలువులో తిరస్కరించాడు.

"తనకు ముడుపు ముట్టలేదని పేచీ పెడుతున్నాడు ప్రభూ!" అన్నాడు మంత్రి.

కొమ్మభూపతి ఆ మాటనే నమ్మి దామనను కొలువు నుండి తొలగించాడు. తలుపు ద్వారానికి ఎక్కింది.

నేడు ఆ తలుపు వెనుకనే దామన భార్య అక్కసాని, చంటిబిడ్డ, వేలాది ప్రజలు చిక్కుకొని ఉన్నారు. నోరు విప్పితే, కొలువు పోయినవాడి కక్ష అంటారు; సైనికుల గుండె జారుతుంది. విప్పకుంటే సంధ్యవేళకు కోట శత్రువు పాలవుతుంది. ఏ వీధిలో నడిచినా ఎదురుగా కోటగోడే కనిపించింది. చివరికి అతడు సేనాపతిని వెతుక్కుంటూ బయలుదేరాడు.

ఆయుధశాల వాకిట పేరయామాత్యుడే అతనిని ఆపాడు.

"దామనా! నీవెక్కడికి పోతున్నావో నేనెరుగుదును. ఈ వేళ కలవరం రేపినవాడిని బురుజు మీది నుండి తోయించే అధికారం నాకున్నది. ఓర్చుకొని మిన్నకున్నావంటే, ముట్టడి తీరిన మరునాడే నీ పదవి నీకు ఇప్పిస్తాను. తలుపు నిలుస్తుంది. ఆ ఏనుగులు వాలు ఎక్కలేక అలసిపోతాయి."

"తలుపు నిలుస్తుందని తమకు నమ్మకముంటే, తమ కుటుంబాన్ని ఈ పూట ఆ ద్వారం పక్కనే ఉంచండి అమాత్యవర్యా!"

మంత్రి దారి విడిచాడు. దామన మరి నిలవక తూర్పుద్వారానికి నడిచాడు.

సేనాపతి గొంక నాయకుడు అతని మాట సాంతం విన్నాడు. మొలలోని బాకు దూసి, రెండు రేకుల నడుమ సందులో పొడిచాడు. బాకు పిడి దాకా దిగబడింది. పెరికేసరికి చెక్కపొడి జలజల రాలింది. ఆ వీరుడు ఇరవై యుద్ధాలలో ఎరుగని భయంతో ఆ పొడిని గుప్పిట పట్టుకొని, దామనను వెంటబెట్టుకొని రాజు ఎదుట నిలిచాడు.

"దేవరా! మన ప్రాణాలకు అడ్డుగా తమరు నిలిపినది ఇది."

కొమ్మభూపతి ఆ పొడిని తన అరచేతిలోకి తీసుకొన్నాడు.

"సింగన నన్ను మోసగించాడు ప్రభూ..." అన్నాడు అప్పటికే రాజు పక్కకు చేరిన పేరయామాత్యుడు.

"సింగనను ఎంచుకొన్నది మీరు. మిమ్ము నమ్మినది నేను. తప్పును ఎత్తిచూపినవానిని మాత్రం వెళ్లగొట్టినాము." రాజు దామన వైపు తిరిగాడు. "దామనా, నిన్ను క్షమాపణ అడిగే తీరిక కూడా ఈ తలుపు నాకు మిగల్చలేదు. దారి ఏదైనా ఉంటే చెప్పు."

"తలుపు వెనుక రాతిగోడ లేపుదాం ప్రభూ. అది లేచేదాకా గోడకూ తలుపుకూ నడుమ నిలిచి, దుంగలు ఆనించి తలుపును నిలపాలి. నిలిపినవారికి గోడ ముగిశాక తిరిగివచ్చే దారి ఉండదు. ఆ తలుపు ఎక్కడెక్కడ గుల్లగా ఉందో పరీక్షించినవాణ్ణి కనుక, నేను పోతాను."

ఐదుగురు భటులు అతని వెంట కదిలారు. మంత్రి మొదలు బంటు దాకా అందరి చేతా రాళ్లు మోయించాడు గొంక నాయకుడు. ఆడవాళ్ల వరుసలో నుండి అక్కసాని భర్త దగ్గరికి వచ్చింది. చేతులకు సున్నం అంటి ఉంది.

"మీరు ముడుపు అడగలేదని నాకెప్పుడూ తెలుసు," అన్నది. "ఊరికి ఇంత ఆలస్యంగా తెలిసిందనే నా ఏడుపు."

దామన ఆమె చేతిని ఒక్కసారి నొక్కి, గోడ లేచే చోటు దాటి తలుపు దగ్గరికి వెళ్లాడు.

దూలం మొదటి దెబ్బకు దుమ్ము కమ్మింది. రెండవ దెబ్బకు రేకులు నోళ్లు తెరిచాయి. వెనుక గోడ నడుము దాటి, భుజం దాటి లేస్తుంటే, ఆ ఇరుకులో వెలుతురు సన్నగిలుతూ వచ్చింది. చివరి సందులోంచి గొంక నాయకుడు చేయి చాచాడు.

"దామనా! ఒక్కడికి చోటుంది. రా!"

"నా భుజం తీస్తే దుంగ జారుతుంది నాయకా. రాయి పెట్టండి."

సేనాపతి తన చేతులతోనే ఆ రాయి పెట్టాడు.

తలుపు కూలేసరికి గోడకు ఊతంగా వెనుక రాళ్లగుట్ట కూడా లేచింది. ఉరికివచ్చిన శత్రువులు, తలుపు కింద నలిగిన ఆ ఆరుగురినీ దాటి రాతిగోడను ఢీకొన్నారు. పైనుండి బండలు కురిశాయి. దూలం ఆ ఇరుకులోనే విరిగింది. సామంతుల సేనలు వచ్చి ముట్టడి విడిపించేదాకా గరుడగల్లు లొంగలేదు.

పేరయామాత్యునికి, సింగనకు కారాగారం ప్రాప్తించింది. నిండు సభలో రాజు అక్కసానికి మాన్యం ఇవ్వబోతే ఆమె అందుకోలేదు.

"మహాప్రభూ! ఇకమీదట ప్రజల సొమ్ముతో ఏది కొన్నా నడిబజారులో, పదిమందీ చూస్తుండగా కొనండి. కొనేవారి చుట్టాలెవరూ అమ్మేవారిలో ఉండకూడదు. వద్దన్నవాని మాట పూర్తిగా వినండి. నాకు అది చాలు."

కొమ్మభూపతి సింహాసనం దిగి తల వంచాడు. ఆ మూడు మాటలూ రాజ్యానికి శాసనమయ్యాయి.

తూర్పుగోడను మళ్లీ తెరవలేదు. ఆ దిక్కు ఊళ్లకు పోయేవారు కొండంతా చుట్టి పడమటి దారిన పోయేవారు. దూరమని ఎవరూ విసుక్కోలేదు.