పెపీ దుప్పటి

ఆ ఉదయం హైఫాలోని తన వంటింట్లో ఒర్నా కీరదోస ముక్కలు కోస్తూనే గడియారం చూసుకుంటోంది. పది గంటలకు సైరన్ మోగుతుంది. హిట్లర్ కాలపు నరమేధంలో పోయిన యూదుల కోసం దేశమంతా రెండు నిమిషాలు నిలబడుతుంది. అది అయ్యాక కూతురు ఇన్బాల్ చదివే బడిలో తన తల్లి సిల్యా మాట్లాడాలి. ఎనభై ఏళ్ల సిల్యా ఏటా చెప్పే మాటలనే ఒర్నా పెద్ద అక్షరాల్లో అచ్చు తీయించి పెట్టింది.

సిల్యా ఆ కాగితాలను పక్కకు తోసేసింది.

"ఇవి వద్దు. ఈసారి పెపీ గురించి చెబుతాను."

"పెపీ ఎవరు అమ్మమ్మా?" అంది ఇన్బాల్.

"కొట్టంలో మా పక్కన పడుకునేది. హిట్లర్‌తో చేతులు కలిపిన రొమేనియా సైనికులు మమ్మల్ని నది దాటించి పశువుల కొట్టంలో పడేశారని చెప్పానుగా. నాకప్పుడు ఏడేళ్లు. చలికాలం. నా ఒళ్లు కాలిపోతోంది. పెపీకీ జ్వరమే. కానీ ఆవిడకి దుప్పటి ఉంది, మాకు లేదు." సిల్యా ఇన్బాల్ వైపు తిరిగింది. "ఓ పొద్దున అమ్మ ఆ దుప్పటి లాగి నాకు కప్పింది. 'నేనింకా బతికే ఉన్నాను గిజేలా' అంది పెపీ. అమ్మ వినిపించుకోలేదు. మధ్యాహ్నానికి ఆవిడ పోయింది."

ఒర్నా చేతిలోని కత్తి ఆగిపోయింది. ఒర్నా చిన్నప్పుడు సిల్యా ఆసుపత్రిలో నర్సుగా పగలంతా పనిచేసేది. ఒర్నాకు జడలు వేసి, బడికి పంపి, పెంచి పెద్దచేసింది అమ్మమ్మ గిజేలాయే.

"ఇన్నేళ్లూ లేనిది ఇవాళే గుర్తొచ్చిందా? అంతమంది పిల్లల ముందు అమ్మమ్మని దొంగని చేస్తావా?"

"ఏటా దేవతని చేస్తున్నానుగా! చెప్పి చెప్పి నాకే విసుగొచ్చింది."

"విసుగొస్తే మానెయ్! అమ్మమ్మ పోయి ముప్పై ఏళ్లయింది. జవాబు చెప్పుకోడానికి కూడా లేదు."

"పెపీ ఉందా మరి?"

"ఇలాంటివి వింటే జనం ఏమంటారు? చంపినవాళ్లని వదిలేసి మనల్ని మనమే..."

"ఎవరొదిలారే వాళ్లని?" సిల్యా బల్ల మీద అరచేత్తో కొట్టింది. "కొట్టంలో తోసింది వాళ్లే. ఇద్దరు చస్తుంటే మధ్యలో ఒక్క దుప్పటి మిగిల్చింది వాళ్లే. మా అమ్మలాంటి మనిషినే అలా చేశారు. అది చెప్పకపోతే నేను ఏం చెప్పినట్టు? పెపీకి మొగుడు లేడు, పిల్లల్లేరు. ఇంటిపేరు కూడా నాకు తెలీదు. ఆవిడ పేరు ఎరిగినదాన్ని నేనొక్కదాన్నే. నేను పోతే?"

ఒర్నా కారు తాళాలు తీసుకుంది. ముగ్గురూ ముభావంగానే కారెక్కారు. కొండ దిగుతుండగా సైరన్ మోగింది. కార్లన్నీ ఆగాయి. అందరూ రోడ్డు మీదికి దిగి నిలబడ్డారు. తల్లి పెదవులు కదలడం ఒర్నా చూసింది. ఏటా అది ప్రార్థన అనుకునేది. ఈసారి తల దగ్గరగా వంచి వింది. "క్షమించు పెపీ, క్షమించు పెపీ" అంటోంది సిల్యా.

ఒర్నా కళ్లు చెమ్మగిల్లాయి. ఏడేళ్ల పాప చేసిన తప్పేముందని? డెబ్బై మూడేళ్లుగా ఇదా మోస్తోంది?

బడి హాల్లో సిల్యా కొట్టం దాకా బాగానే చెప్పింది. "అప్పుడు మా అమ్మ..." అని ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా ఆ తర్వాతి మాట రాలేదు. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇన్బాల్ తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఒర్నా లేచి నిలబడింది.

"మా అమ్మమ్మ గిజేలా బతికున్న మనిషి మీంచి దుప్పటి లాగేసింది. నన్ను పెంచింది ఆ చేతులే. ఆ దుప్పటి కింద బతికిన పిల్ల మా అమ్మ. చనిపోయినావిడ పేరు పెపీ."

సిల్యా కన్నీళ్లు తుడుచుకోనైనా లేదు. "ఎర్రజుట్టు ఆవిడకి," అంది మెల్లగా. "నా కోటుకి గుండీ కుట్టిపెట్టింది."

ఒర్నా వేదిక ఎక్కి తల్లి పక్కన కూర్చుంది.

"ఇంకా చెప్పమ్మా," అంది.