కాలమ్‌లో పెరిగింది

సెలవులు అయిపోయాక మొదటి సాయంత్రం. ల్యాబ్‌లో నేనూ, మా అన్నయ్య భార్యా మాత్రమే మిగిలాం. షాంపూల్లో కలిపే జిగురు పొడులను పరీక్షించడం మా పని. పొడిని నీళ్ళలో కరిగించి, సన్నటి పూసలు కూరిన ఉక్కు గొట్టంలోకి పంపుతాం. దాన్నే కాలమ్ అంటాం. పెద్ద అణువులు పూసల పక్కనుంచి జారుకుని ముందు బయటపడతాయి. చిన్నవి పూసల రంధ్రాల్లో దూరి తిరిగి తిరిగి చివర వస్తాయి. జిగురంటేనే ఒళ్ళు జలదరించే నాకు ఈ ఉద్యోగమే దొరకాలా!

వాడనప్పుడు పాచి పట్టకుండా కాలమ్‌లో విషపు మందు కలిపిన నీళ్ళు నింపాలి. వదినకు నెలలు నిండుతున్నాయి. మందు ముట్టుకోనంటే ముట్టుకోనని, సెలవులకు ముందు ఉత్త నీళ్ళే నింపి వెళ్ళింది. బిడ్డ కోసం భయపడే మనిషిని ఏమనగలను?

శాంపిల్ మొత్తం వచ్చేసింది. కాలమ్‌ నుంచి ఏం వస్తోందో చూపే గీత కంప్యూటర్ తెర మీద అడుగుకు దిగింది. ఇక నీళ్ళు తప్ప ఏమీ రాకూడదు.

గీత మళ్ళీ లేచింది. తెర పైఅంచుకు కొట్టుకుని అక్కడే నిలబడింది. ఇది శాంపిల్‌లోది కాదు. కాలమ్‌లోనే కాపురం పెట్టింది.

వాసన మొదలైంది. కుళ్ళిన గుడ్లు, మాగిన తడిగుడ్డ, వాటి అడుగున ఏదో తీపి... బయటికొచ్చే సన్నటి పైపు పూడుకుపోయింది. దాని కొసన చీమిడిలాంటి బొట్టు వేలాడుతోంది. రాలదు. ఊగుతోంది.

జలుబుతో ఉన్న వదినకు వాసనే తెలియలేదు. బొట్టును కోటుకు తుడిచి, పైపును నోట్లో పెట్టుకుంది. పూడిక పీల్చి తీయడం ఆమె పాడు అలవాటు.

“ఛీ, వద్దు వదినా!”

“మందు కలపలేదుగా, ఉత్త నీళ్ళే.” పీల్చింది.

జర్రున ఏదో జారింది. వదిన గుటక వేసింది. ఇంకోటి... ఇంకోటి... పైపు తీసేసినా గుటకలు ఆగలేదు.

“ఉమ్మెయ్యి వదినా!”

“రావట్లేదు...” గొంతులో బుడగలు. “కిందికి పోతోంది...”

ఆమె పెదవి మీద జిగురు తీగ ఒకటి మిగిలింది. తెల్లసొనలా ఉంది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. అసహ్యంతో చచ్చిపోతూనే వేలికి చుట్టి లాగాను. మూరెడు వచ్చింది. ఇంకో మూర. తర్వాత బిగిసింది.

వదిన రెండు చేతులతో పొట్ట పట్టుకుంది.

“లాగకు...” గుసగుసగా అంది. “బిడ్డ పట్టుకుంది.”

లాగడం ఆపేశాను.

నా వేలు మాత్రం... మెల్లగా ఆమె నోటి వైపు కదులుతోంది.