బ్యాంకాక్ దగ్గర, దిల్‌సుఖ్‌నగర్ దూరం

ఎల్బీనగర్ చౌరస్తల నడిరోడ్డు మీద కట్టెల పొయ్యి. దాని మీద బాయంత గుండిగ. తెలంగాణ కోసం వంటా–వార్పు నడుస్తున్నది. ఏ దిక్కు బండ్లు ఆ దిక్కే ఆగినయ్.

గుండిగల గంటె తిప్పుతున్న ముసలాయన వంటోడు కాదు, సీక్రెట్ ఏజెంట్ అంతయ్య. ఒక్క దమ్ముల బ్రహ్మపుత్ర ఈదినోడు, మొసళ్లను పరేషాన్ చేసినోడు. ఇప్పుడు మోకాళ్లు గుంజుతున్నయ్. కండ్లు మూతలు పడుతున్నయ్.

గంటె కాడల దాచిన రేడియో గురగురమన్నది.

"పప్పులో ఉప్పెంత?" అవతల చీఫ్ విశ్వేశ్వరరావు.

"సముద్రం ఎండినంక చెప్తా." కోడ్ కలిసింది.

"అంతయ్యగారూ, కోబ్రా బ్యాంకాక్ ఫ్లైట్ ఎక్కబోతోందండి. మనకీ శత్రు ముఠాకీ పనిచేసే ఆ డబుల్ ఏజెంటే. ఆమె దగ్గరున్న చిప్‌లో మన సాయికుమార్ ఫోటో ఉంది."

అంతయ్య గంటె తిప్పుడు ఆపిండు. సాయికుమార్ ఆయన పెంచిన శిష్యుడు. బ్యాంకాక్‌ల శత్రు ముఠాల దొంగపేరుతోని కలిసి తిరుగుతున్నడు.

"బ్యాంకాక్ ఇరవై నాలుగొందల కిలోమీటర్లు, మూడున్నర గంటలు. ఆమె దిగితే కుర్రాడు అయిపోయినట్టే."

"ఎయిర్‌పోర్ట్‌ల పట్టున్రి సార్. నాకు జర కూసోవాల్నని ఉన్నది."

"రోజుకో మొహం మారుస్తుంది, ఎలా పడతారండీ? దిల్‌సుఖ్‌నగర్ లాడ్జిలోంచి లోకల్ మనిషి వేషంలో బయల్దేరింది. మీ చౌరస్తా దాటాల్సిందే."

అంతయ్య ఉస్సురన్నడు. చౌరస్తల వెయ్యిమంది లోకల్ మనుషులే.

ఇటు వడ్డించే లచ్చమ్మ బండ్లల్లకెళ్లి జనాన్ని గుంజుకొస్తున్నది. "రాండ్రి! తిన్నోళ్ల బండికే తొవ్వ ఇస్తం!"

పంక్తిల ఓ చక్కని పిల్ల కూసున్నది. పొడుగు జడ, నేత చీర.

"ఏం పేరు బిడ్డా?"

"అరుణజ్యోతి, పెద్దమ్మా. మాది అబ్దుల్లాపూర్‌మెట్. జర జల్ది పోవాలె, మా అమ్మ దవాఖానల ఉన్నది."

యాస ఎక్కడా తప్పలే. అంతయ్య పప్పు పోసి ముంగటికి నడిచిండు.

"అయ్యో! ఎంత దూరమే మీ ఊరు?" ఎనక లచ్చమ్మ అడిగింది.

"పదిహేను కిలోమీటర్లు, పెద్దమ్మా."

అంతయ్య కాళ్లు ఆగినయ్. బుద్ధెరిగిన కాన్నుంచి ఈ తొవ్వల కిలోమీటర్ల లెక్క చెప్పినోళ్లను ఆయన చూడలే. ఎవర్ని అడిగినా "గీడనే, జర ముంగట" అంటరు. గా జర ముంగట పొద్దుగూకినా రాదు.

ఎనక్కి తిరిగిండు. "ఇంకో గంటె ఎయ్యాల్నా, కోబ్రా?"

ఆమె లిప్‌స్టిక్ తీసింది. మూత తెరిస్తే విషం సూది! అంతయ్య గంటె మీది బటన్ ఒత్తిండు. మత్తు బాణం రాలే. నాళంల పప్పు ఇరికింది. ఆమె సూది ఇసిరింది, గంటెకు తాకి పొయ్యిల పడ్డది. లేచి ఉరికింది. అవతల ఆమె మనిషి ఒకడు బైక్ స్టార్ట్ చేసి తయారుగున్నడు. ఒక్క అంగల ఎక్కేదే.

లచ్చమ్మ ఆమె జడ దొరకబట్టింది. "ఇస్తారిల బువ్వ ఇడిచిపెట్టి పోతవా? కూసో!"

జడ మొత్తం ఊడి చేతికొచ్చింది. కోబ్రా ఎల్లెలకల పడ్డది. సవరంల మెరుస్తున్నది చిప్. బైకోడు ఒక్కడే పారిపోయిండు.

"ఓయమ్మో, జుట్టు ఊడొచ్చిందే!" అని లచ్చమ్మ గుండె పట్టుకున్నది.

జరసేపటికి నెత్తి మీదికెళ్లి విమానం పోయింది. ఆమె లేకుంటనే.

రేడియోల చీఫ్ గొంతు. "శభాష్! ఎంతసేపట్లో దిల్‌సుఖ్‌నగర్ ఆఫీసుకి వస్తారు?"

అంతయ్య ఆగిపోయిన బండ్ల దిక్కు చూసిండు. పంక్తిల కూలబడి ఇస్తారి ముంగటికి గుంజుకున్నడు.

"బ్యాంకాక్ అయితే మూడున్నర గంటలని చెప్తుంటి సార్. దిల్‌సుఖ్‌నగర్ కదా... గీడనే, జర ముంగట."