మార్జనానికి అనర్హుడు

ఉదయం తొమ్మిది గంటలకు సాగరజలశాల ప్రధానద్వారం దాటగానే త్రిపుర చెవి వెనుకనున్న స్మృతిముద్రిక కొద్దిగా వెచ్చబడింది. ఆ క్షణం నుంచి ఆమె చూసినది, విన్నది, అనుకున్నది సమస్తమూ సంస్థ ముద్రతోనే మనసులో నిలుస్తుంది. భీమిలి తీరాన సముద్రపు నీటిని తాగునీటిగా మార్చే ఆ కర్మాగారంలో నాలుగు వేలమందికీ ఉద్యోగంలో చేరిన రోజునే గోరంత బిళ్ళ ఒకటి అమర్చేవారు. సంస్థ రహస్యాన్ని బయటపెట్టిన ఉద్యోగిని కొలువు నుంచి తొలగించి, మరపుగదిలో నలభై నిమిషాలు కూర్చోబెడితే, ప్రాకారం లోపల పుట్టిన జ్ఞాపకాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. చట్టం దీనికి స్మృతిమార్జనమని పేరు పెట్టింది. ఉద్యోగులు మాత్రం గుండు అనేవారు.

"ఇయాల గుండు ఎవులికమ్మగారూ?" అని అడిగింది, విచారణ విభాగంలో ఫైళ్ళు అందించే పైడితల్లి. "గది సిద్ధం చెయ్యమని పొద్దుటే కబురొచ్చింది."

"విచారణ కాకముందే శిక్ష సంగతి నీకెందుకు?"

"మీరు పిలిసినోడు జుట్టుతో ఎల్లింది ఎప్పుడు గనక!"

త్రిపుర చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూసి పైడితల్లి ఫైలు బల్లమీద పెట్టి గబగబా వెళ్ళిపోయింది.

తొమ్మిదేళ్ళ క్రితం ఆ గదిలోనికి త్రిపుర భర్త సోమలింగం వెళ్ళాడు. వారిద్దరికీ పరిచయమైనది సంస్థ క్యాంటీను వరుసలో. పెళ్ళి జరిగినది సంస్థ కళ్యాణమండపంలో. షిఫ్టు సైరన్ వినబడితే చాలు, లేచి వెళ్ళవచ్చునని కాపురం పెట్టినది ప్రాకారం లోపలి క్వార్టర్సులోనే. ముద్రికను రూపొందించిన మేధావులు ప్రాకారం లోపల ఉండేది ఆఫీసేనని తలచారు. అక్కడ మంచాలు, పొయ్యిలు, పెళ్ళిపీటలు కూడా ఉంటాయన్న ఊహ వారికి రాలేదు. నలభై నిమిషాల తరువాత సోమలింగం బయటకు వచ్చి, గుమ్మం దగ్గర నిలబడిన భార్యకు పరాయి స్త్రీకి పెట్టినట్లు నమస్కారం పెట్టి, "గేటు ఎటువైపండీ?" అని అడిగాడు.

జ్ఞాపకం తిరిగి మొలవకుండా ఉండేందుకు, మార్జనం పొందినవాని కంట అతడు మరచిన బంధువులెవరూ పడరాదని చట్టం. సోమలింగం అక్కగారు వచ్చి అతణ్ణి ఆనందపురం తీసుకుపోయింది. వివాహం చట్టం దృష్టిలో రద్దయింది. త్రిపుర ఉద్యోగం మానలేదు. సాయంకాలాలు న్యాయశాస్త్రం చదివి, విచారణ విభాగానికి మారి, మెట్టు మెట్టు ఎక్కి దానికి అధిపతి అయింది. ఆమె కోరిక ఒక్కటే. భర్త మీద పడిన నేరాన్ని నిజంగా చేసినవాడు తన ఎదుట కూర్చోవాలి. తాను చేసినదేమిటో ఆమె నోట వినాలి. విని, కుళ్ళి, అప్పుడు ఆ గదిలోనికి పోవాలి.

పది గంటలకు భానోజీరావు వచ్చాడు. ఒకప్పుడు సోమలింగం పక్క బల్ల అతనిది. ఆ స్నేహం కొద్దీ నేటికీ ఆమెను వదినగారనే పిలుస్తాడు.

"కూర్చోండి," అన్నది త్రిపుర. "తొమ్మిదేళ్ళ క్రితం, వడపోత పొరల నుంచి రాలే లవణం వల్ల ఊళ్ళో పసిపిల్లల ఎముకలు పెళుసుబారుతున్నాయన్న రహస్య నివేదిక పత్రికలకు చేరింది. మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు సోమలింగం గారి బల్ల నుంచి వెళ్ళింది. ఆ సమయంలో ఆయన క్యాంటీనులో నా ఎదుట అన్నం తింటున్నారు. భార్య సాక్ష్యం చెల్లదన్నారు."

"అవునండి."

"ఇక్కడి కుర్చీలు కూర్చున్నవారి బరువును గుర్తుంచుకుంటాయి. నడుంనొప్పుల మీద పరిశోధనకని ఆరోగ్య విభాగం ఆ లెక్కలను మూలన పడేసింది. పోయిన నెల నా చేతికి వచ్చాయి. సోమలింగం గారు యాభై ఎనిమిది కిలోలు. ఒంటిగంటా పది నిమిషాలకు ఆ కుర్చీలో ఎనభై రెండు కిలోల మనిషి కూర్చున్నాడు. అప్పట్లో ఆ గదిలో అంత బరువున్నవారు..."

"నేనేనండి వదినగారూ," అన్నాడు భానోజీరావు.

తొమ్మిదేళ్ళు నూరిన కత్తి ఒరలోనే ఉండిపోయినట్లయింది త్రిపురకు.

"మా మేనకోడలికి అప్పుడు నాలుగేళ్ళు. మంచం దిగుతూ కాలు విరగ్గొట్టుకుంది," అన్నాడతను. "ఆ నివేదిక సోముడి బల్లమీదే ఉండేది. పంపించేశాను. వాణ్ణి పట్టుకుంటే లేచి నిజం చెప్పేద్దామనే అనుకున్నాను. వాణ్ణి తీసుకెళుతుంటే కాళ్ళు లేవలేదండి. కూర్చునే ఉండిపోయాను."

"నివేదిక పంపినందుకు మిమ్మల్ని నేను తప్పుపట్టను. ఆ తరువాత పొరలు మార్చారు. ఊళ్ళో పిల్లలు పరుగెత్తుతున్నారు. మీరు కూర్చుండిపోయారే, దాని సంగతి చెప్పండి."

"చెప్పడానికేముంది? రాత్రిళ్ళు కన్ను మూస్తే వాడే కనిపిస్తాడు. వెళుతూ వెళుతూ నావైపు తిరిగి, 'త్రిపురకి భయపడొద్దని చెప్పు' అన్నాడు. అది కూడా మీకు చెప్పలేకపోయాను." అతడు కళ్ళు తుడుచుకున్నాడు. "అయిపోయింది లెండి. గది సిద్ధంగా ఉందన్నారు. ఎన్నింటికండి?"

ఆ ప్రశ్నలోని ఆత్రం విని త్రిపుర తలెత్తి అతణ్ణి పరిశీలనగా చూసింది. కొత్త చొక్కా తొడుక్కున్నాడు. నున్నగా గడ్డం గీసుకున్నాడు. మార్జనానికి వెళ్ళేవారు చేసినట్లే ఇంటి చిరునామా రాసిన కాగితం జేబుకు పిన్నుతో గుచ్చుకుని వచ్చాడు. అతని ఇల్లు తగరపువలసలో. పెళ్ళి, పిల్లలు, పండుగలు అన్నీ ప్రాకారానికి బయటే. ఆ గదిలో అతడు పోగొట్టుకునేది సోమలింగాన్ని ఒక్కణ్ణే. నలభై నిమిషాల తరువాత నిష్కల్మషమైన ముఖంతో ఇంటికి పోయి హాయిగా నిద్రపోతాడు. ఇతనికది శిక్ష కాదు, తీర్థస్నానం!

త్రిపుర కలం తీసింది. తొలగింపు పత్రాన్ని నిలువునా చింపి, మరొక కాగితం మీద నిదానంగా రాసి, పైకి చదివింది.

"ప్రజల ప్రాణరక్షణకై జరిగిన వెల్లడి నేరం కానేరదు. అట్టి వెల్లడికి ఉద్యోగిని తొలగించుట అన్యాయం. శ్రీ భానోజీరావు స్మృతిమార్జనానికి అనర్హులు. పదవీ విరమణ వరకు వారు కొలువులో కొనసాగుదురు గాక."

అతని ముఖం పాలిపోయింది. "వదినగారూ, మీకు దణ్ణం పెడతాను. నన్ను తీసెయ్యండి."

"తీసివేయను."

"రాజీనామా ఇస్తాను."

"ఇవ్వండి. రాజీనామా ఇచ్చినవారికి మార్జనం లేదు. మీ జ్ఞాపకాలు మీతోనే వస్తాయి."

"ఇంత కక్షా మీకు!"

"ఇంతే కాదు. మార్జనం పొందినవారికి జ్ఞాపకాలు మళ్ళీ మొలిచాయేమోనని నెలకొకసారి పరీక్షించే బాధ్యత మా విభాగానిది. ఆనందపురం మీకు అప్పగిస్తున్నాను. ఇక వెళ్ళవచ్చు."

బయట పైడితల్లి నోరు తెరిచింది. "ఓలమ్మో! జుట్టుతోనే ఎల్లిపోతన్నాడు, ఏడుస్తన్నాడేటి!"

తరువాతి సోమవారం ఆనందపురం బజారులో, ఫ్యాన్లు బాగుచేసే చిన్న దుకాణానికి ఎదురుగా సంస్థ వాహనం ఆగింది. నల్లటి అద్దాల వెనుక త్రిపుర కూర్చుంది. పరీక్షకుని చెవిలోనున్న శ్రవణిక ద్వారా అక్కడి మాటలు ఆమెకు వినబడతాయి, ఆమె మాట అతనికి వినబడుతుంది. భానోజీరావు ఎంత నలిగిపోతాడో స్వయంగా వినాలని ఆమె వచ్చింది.

తొమ్మిదేళ్ళ తరువాత భర్త గొంతు వినబడింది. కొంచెం బొంగురుపోయింది.

"ఎవరు బాబూ? ఫ్యానా?"

"కాదండి. సంస్థ నుంచి. పరీక్ష."

"పాతాయన మానేశారా? రండి, స్టూలు మీద కూర్చోండి. మీరేంటి, అలా వణుకుతున్నారు? జ్వరమా?"

భానోజీరావు పటం ఒకటి తీసి అతని చేతిలో పెట్టాడు. త్రిపుర ఉద్యోగంలో చేరిన కొత్తలో గుర్తింపు కార్డుకోసం తీసిన పటం అది. "ఈవిణ్ణి ఎరుగుదురా?" అన్నాడు.

ఆ మాటలోని వణుకు త్రిపుర చెవులారా విన్నది. ఆమె కోరినదీ అదే.

సోమలింగం పటాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "ఎరగను బాబూ. ఎవరోగానీ, బాగా నవ్వించి తీశారు. ఆపుకోలేకపోతోంది పాపం."

నవ్వించినవాడు అతడే. క్యాంటీను వంటమనిషి తుమ్మును అనుకరిస్తూ కెమెరా వెనుక నిలబడ్డాడు. ఆనాడు పక్కనే ఉన్న భానోజీరావుకు ఆ సంగతి తెలుసు. అతడు బావురుమన్నాడు.

"అయ్యో, అదేంటి బాబూ!" సోమలింగం లేచి కూజాలోంచి నీళ్ళు వంచి తెచ్చాడు. భుజం మీద చెయ్యి వేశాడు. "మీకు బాగా కావలసిన మనిషా?"

భానోజీరావు నల్లటి అద్దాలవైపు చేతులు జోడించాడు.

త్రిపుర పరీక్షా నియమావళిని ఒడిలో తెరిచింది. "పటం చూపి ప్రతి ప్రశ్నా మూడుసార్లు అడగాలి, భానోజీరావు గారూ," అన్నది. "ఇంకా రెండుసార్లున్నాయి."

"ఈవిణ్ణి... ఎరుగుదురా?"

"లేదు బాబూ."

ఆ ఉత్తర్వు రాసిన నాడు ప్రతి నెలా అతనిచేత అడిగించాలనే ఆమె అనుకుంది. ప్రతి నెలా ఆ 'లేదు' తాను కూడా వినవలసి వస్తుందని అనుకోలేదు. తన చెవిలోనూ ఉన్న శ్రవణికను లాగివేయబోయి, చెయ్యి దించుకుంది.

"మళ్ళీ అడగండి," అన్నది.