గుండీల డబ్బా

పొద్దున్నుంచీ ఆ ఇంట్లో ఎవరికీ కాలు ఒకచోట నిలవడం లేదు. తల్లి పాలు పొంగించింది, పొయ్యి తుడిచింది, తుడిచిన పొయ్యినే మళ్లీ తుడిచింది. కూతురు చిట్టి, బ్యాగు భుజాన తగిలించుకుని వీధిగుమ్మానికీ వంటింటికీ మధ్య తిరుగుతోంది. పశువుల డాక్టరు చదువులో సీటొచ్చింది పిల్లకి. ఇవాళ సాయంత్రంలోగా ఫీజు కట్టకపోతే ఆ సీటు ఇంకెవరికో పోతుంది.

"కాస్త కూర్చోవే, నిన్ను చూస్తుంటే నాకే కళ్లు తిరుగుతున్నాయి" అంది తల్లి.

"నువ్వు కూర్చో ముందు" అంది చిట్టి.

ముందుగదిలో తండ్రి బల్ల మీద చొక్కా గుడ్డ పరిచి సుద్దతో గీతలు గీస్తున్నాడు. ఆ ఇంటికి ముందుగదే కుట్టు దుకాణం. అక్కడ అడగడమనే అలవాటు లేదు. తండ్రి తల తిప్పకుండానే కుడిచెయ్యి పక్కకి చాపుతాడు. కావలసింది కత్తెరో, టేపో కొడుకు పెద్దోడికి తెలుసు, తెచ్చి ఆ చేతిలో పెడతాడు. ఎనిమిదేళ్లుగా ఇదే వరస. గుడ్డ ఇవ్వడానికి వచ్చినవాళ్లు "తండ్రీకొడుకులిద్దరికీ ఒకటే బుర్ర" అని మురిసిపోయేవాళ్లు. వాళ్లదేం పోయింది, మురిసిపోతారు.

ఇవాళ తండ్రి చెయ్యి చాపాడు. చేతిలోకి ఏమీ రాలేదు. నడుము, మెడ కలిపి ఒక్కసారిగా తిరిగి చూశాడు. పెద్దోడు మూల బీరువా దగ్గర గుండీల డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆదివారాలు కూడా మిషను మీదే కూర్చుని ప్యాంట్ల అంచులు మడిచి, జిప్పులు మార్చి సంపాదించిందంతా వాడు ఆ డబ్బాలోనే దాస్తాడు. ఇప్పుడు దాన్ని ఊపితే గుండీల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"నాన్నా, ఇందులో డబ్బులేవి?"

"చిట్టి ఫీజుకి తీశాను. నిన్న నువ్వు బజారుకెళ్లినప్పుడు" అన్నాడు తండ్రి. ఓ దారం కండె తీసుకున్నానన్నంత మామూలుగా అన్నాడు.

"అవి నావి."

"నీవేంటి, నావేంట్రా? చెల్లెలికేగా."

"ఇవాళ సాయంత్రం అడ్వాన్సు ఇస్తానని బజార్లో గది ఆయనకి మాటిచ్చాను. నా దుకాణం, నా బోర్డు. నీకు చెప్పాను కదా."

"చెప్పావు. గది ఇవాళ కాకపోతే ఇంకోనాడు దొరుకుతుంది. సీటు దొరకదురా."

అది నిజమే. నిజం కాబట్టే పెద్దోడికి ఒళ్లు మండిపోయింది. డబ్బాని బల్ల మీద ఠపీమని పెట్టాడు. గుండీలు నాలుగు పక్కలకీ దొర్లాయి.

తల్లి తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చింది. "ఏంట్రా పొద్దున్నే ఈ గోల? దానికి కాకపోతే ఎవరికిస్తావు? ఎలాగూ ఇచ్చేవాడివేగా."

"ఇచ్చేవాణ్ణే. అడిగుంటే ఇచ్చేవాణ్ణే అమ్మా. అప్పుడు నేనిచ్చినట్టుండేది. ఇప్పుడు నా దగ్గర లాక్కున్నట్టుంది." "బడి మానేసినప్పుడూ ఇంతే. నాన్నకి మెడ పట్టేసిందని ఓ వారం సాయానికి కూర్చున్నాను. తల తిప్పలేక చెయ్యి చాపాడు, కత్తెర పెట్టాను. వారం అయిపోయింది. ఇక బడికెళ్లరా అని ఎవరన్నా అన్నారా? పోనీ, మానేస్తావా అనైనా అడిగారా?"

చిట్టి బ్యాగులోంచి డబ్బు పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. "నాకొద్దు. అన్నయ్య ఇవ్వని డబ్బుతో నేను కాలేజీకి వెళ్లను" అంటూ ఏడ్చేసింది.

పెద్దోడు వెళ్లి వీధిగుమ్మం మెట్టు మీద కూలబడ్డాడు. వీధిలో జనం పోతున్నారు, వస్తున్నారు. వాడికి ఎవరూ కనిపించలేదు.

లోపల తండ్రి కాసేపు బల్ల చుట్టూ ఊరికే తిరిగాడు. గుండీలు ఏరబోయి మానేశాడు. చివరికి పొట్లం తీసుకుని వచ్చి కొడుకు పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

"పెద్దోడా, ఇది నీ డబ్బు. చెల్లెలి చదువుకి ఇస్తావా?"

ఆ మాట అలవాటు లేని నోటి నుంచి ముక్కలుముక్కలుగా వచ్చింది.

"ఇవ్వనంటే?"

"గదికి అడ్వాన్సు ఇచ్చి వద్దాం, నేనూ వస్తాను. చిట్టికి ఏం చెప్పుకోవాలో నేను చూసుకుంటా." తండ్రి పొట్లాన్ని కొడుకు ఒళ్లో పెట్టాడు. "ఇంకో మాట ఎప్పుడో అడగాల్సింది. నీకు చదువుకోవాలని ఉండేదా?"

పెద్దోడు తల వంచుకున్నాడు. "ఉండేది నాన్నా" అన్నాడు. అంతే, ఇక ఆపుకోలేక చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తండ్రి వాడి వీపు మీద చెయ్యి వేసి తనూ కళ్లు తుడుచుకున్నాడు.

కాసేపటికి పెద్దోడు లేచి లోపలికెళ్లి పొట్లం చెల్లెలి చేతిలో పెట్టాడు. "ఇది నేనిస్తున్నాను. మొహం కడుక్కో, బస్సు దాకా దింపుతా."

"మరి నీ గది?" అంది చిట్టి.

"సాయంత్రం మేమిద్దరం వెళ్లి గడువు అడుగుతాం" అన్నాడు తండ్రి గుమ్మంలోంచి.

"నువ్వు అడుగుతావా?" అంది తల్లి నమ్మలేనట్టు.

"ఇప్పుడేగా మొదలెట్టింది. నేర్చుకుంటాలే" అన్నాడాయన.

చిట్టిని బస్సెక్కించి పెద్దోడు తిరిగొచ్చేసరికి తండ్రి గుడ్డ ముందు నిలబడి ఉన్నాడు. వాడి అడుగుల చప్పుడు విని అలవాటుగా కుడిచెయ్యి పక్కకి చాపాడు. అంతలోనే వెనక్కి తీసుకున్నాడు. ఇప్పటికీ సరిగా తిరగని మెడతో ఒళ్లంతా తిప్పి కొడుకు వైపు చూశాడు.

"కత్తెర ఇస్తావా నాన్నా?" అని అడిగాడు.

కత్తెర అప్పటికే పెద్దోడి చేతిలో ఉంది. అయినా ఆ మాట పూర్తిగా వినేదాకా ఆగి, అప్పుడిచ్చాడు.