సువర్ణరాజు గారి గుర్రం

1987 మే నెలలో ఒక మధ్యాహ్నం సలోమోను రెడ్డిగూడెంలో బస్సు దిగేసరికి వాన మొదలైంది. తను తడిసినా ఫర్వాలేదు గానీ, చంకలో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన నలభై బొమ్మలు తడవకూడదు. కిళ్ళీకొట్లో సువర్ణరాజు గారి ఇల్లు అడిగి, పరుగులాంటి నడకతో వెళ్ళాడు.

సలోమోను నూజివీడులో సైన్‌బోర్డులు రాస్తాడు. సీజన్లో మామిడిపళ్ళ పెట్టెల మీద పేర్లు రాస్తాడు. ఆదివారం పొద్దున మాత్రం ఎవరు పిలిచినా పలకడు. పక్కింటి టీవీలో ధవళ అనే రెక్కల గుర్రం కార్టూన్ వస్తుంది.

ఆ గుర్రం పిచ్చి పట్టినవాళ్ళు జిల్లాలో ఇంకా ఉన్నారు. ఒకప్పుడు సినిమా బ్యానర్లు వేసిన ప్రభాకరరావు గారు బెజవాడలో కూర్చుని వాళ్ళందరినీ పోగుచేశారు. ‘కదిలే బొమ్మలు’ అని నెలనెలా ఒక సైక్లోస్టైల్ పత్రిక తీసేవారు. అభిమానులు తమ సొంత ధవళను గీసి, సొంత కథలు అల్లి పంపేవారు. ఉత్తరాల పేజీలో పోట్లాడుకునేవారు కూడా.

ఆ వేసవిలో ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. ఇన్నాళ్ళూ కాగితం మీద నిలబెట్టిన గుర్రాన్ని మనమే కదిలిద్దాం అన్నారు. పన్నెండు మంది తలో నలభై బొమ్మలు గీస్తే, తన చిన్న ఫిల్మ్ కెమెరాతో ఒక్కొక్కటే తీస్తారు. నలభై బొమ్మలంటే తెర మీద అయిదు సెకన్లు. గుర్రం ఎగరడం సలోమోను వంతు, దిగడం రెడ్డిగూడెం సువర్ణరాజు గారి వంతు. ఇతని చివరి బొమ్మ ఆయన మొదటి బొమ్మతో అతకాలి. అందుకే ఈ ప్రయాణం.

అరుగు మీద ఒక పెద్దాయన మామిడికాయలు ఏరుతున్నాడు.

"సువర్ణరాజు గారు మీరేనాండీ? మీ గుర్రం చూద్దామని నూజివీడు నుంచి వచ్చాను."

"గుర్రమేంటి బాబూ? మాకు రెండు గేదెలున్నాయి, అంతే."

లోపల ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. గుమ్మంలోకి ఒక అమ్మాయి వచ్చింది. వేళ్ళ నిండా నల్లసిరా. ఆయన కూతురు లేయా. అక్కడి చిన్నబడిలో పంతులమ్మ. పెళ్ళికాని పిల్ల పేరున ఉత్తరాలొస్తే ఊరంతా తెలుస్తుందని తండ్రి పేరుతో బొమ్మలు పంపుతోంది. పదకొండు నెలలుగా తాను పేరున్న ఆర్టిస్టునని పాపం ఆయనకు తెలియదు.

తల్లి అమృతమ్మ టీ తెచ్చింది. లేయా తన బొమ్మలు అతని బొమ్మల పక్కన పరిచింది. ఆమె గుర్రానికి బరువుంది. అది నేల మీద కాలు మోపితే దుమ్ము లేచింది. కాళ్ళు మాత్రం గుర్రానివి కావు.

ఆ మాట ఆమే చెప్పింది. ఊళ్ళో గుర్రం లేదు కనుక గేదెల్ని చూసి నేర్చుకుందట. ఒకసారి పత్రికలో ‘విమర్శకుడు’ అని ఎవరో, గేదెకు రెక్కలు కట్టారు, ఈయన పాల వ్యాపారం చేసుకోవడం మేలు అని రాశాడట. ఆ తర్వాత మూడు నెలలు పెన్సిల్ ముట్టలేదని నవ్వుతూనే చెప్పింది.

సలోమోను టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఆ విమర్శకుడు అతనే.

చెప్పలేక, నూజివీడులో గంగరాజు గారి జట్కా గుర్రం ఉందని, వచ్చి చూడమని అన్నాడు.

తర్వాత మూడు శనివారాలు లేయా తల్లితో వచ్చింది. అమృతమ్మ బజారు పని ముగించుకుని జట్కాలో దర్జాగా కూర్చునేది. గుర్రం మామిడితొక్కలు నములుతూ నిలబడేది. వీళ్ళిద్దరూ గీసేవారు. ఆమె గీత చకచకా పరిగెత్తేది. అతని గీత తరచుగా ఆగిపోయేది.

"గుర్రాన్ని చూడమంటే నన్ను చూస్తారేంటండీ?"

"గుర్రం కదుల్తోందండీ."

"నేనూ కదుల్తున్నానుగా" అని ఆమె కాగితం వైపు తల వంచింది. చెవులు ఎర్రబడటం సలోమోను చూశాడు.

మూడో శనివారం ఆమె గీసిన కాళ్ళు అచ్చంగా గుర్రానివే. ఇంతటి మనిషి ముందు ఇక దాచలేకపోయాడు. ఉత్తరం రాసింది నేనే అని చెప్పాడు.

లేయా పెన్సిల్ ఆగింది. "మూడు నెలలండీ" అంది. కాగితాలు సర్దుకుని, తల్లిని లేపి, బస్టాండు వైపు వెళ్ళిపోయింది.

సలోమోను ఆ వారమే పత్రికకు సొంత పేరుతో ఉత్తరం పంపాడు. విమర్శకుడిని నేనే, బొమ్మ బాగోక కాదు, అసూయతో రాశాను అని. అది జూన్ సంచికలో వచ్చింది. గుడివాడ అభిమానులు వెక్కిరిస్తూ నాలుగు కార్డులు రాశారు. రెడ్డిగూడెం నుంచి ఒక్కటీ రాలేదు.

జూలైలో ఒక ఆదివారం ప్రభాకరరావు గారింట్లో సినిమా వేశారు. కిటికీలు మూసి, గోడకు దుప్పటి కట్టారు. సలోమోను వెనక నిలబడ్డాడు. ముందు వరసలో లేయా, పక్కన తండ్రి కనిపించారు. ఆమె తన వంతు పంపిందో లేదో అడిగే ధైర్యం లేకపోయింది.

ప్రొజెక్టర్ గరగరలాడింది. ధవళ లేచింది, మేఘాల్లోకి ఎగిరింది. అవి అతని అయిదు సెకన్లు. తర్వాత తెల్లతెరే వస్తుందనుకున్నాడు. కానీ గుర్రం ఎక్కడా ఆగలేదు. రెక్కలు మెల్లగా ముడిచి, వెనక కాళ్ళ మీద బరువు వేసి, దుమ్ము లేపుకుంటూ నేలకు దిగింది. ఎవరి బొమ్మ ఎక్కడ అయిపోయిందో గీసిన అతనికే తెలియలేదు. గది చప్పట్లతో నిండిపోయింది.

బయట వసారాలో చినుకులు పడుతున్నాయి. లేయా అతని పక్కకు వచ్చి నిలబడింది.

"అందరికీ తెలిసేలా ఒప్పుకోవాలా?"

"మిమ్మల్ని అన్నదీ అందరికీ తెలిసేలానే కదండీ."

"అసూయ ఎందుకు?"

"నా గుర్రం ఎగురుతుంది గానీ, దానికి దిగడం రాదు. మీరు దింపారు." అతను ఆమె వైపు తిరిగాడు. "లేయా గారూ, మీరు పక్కనుంటేనే నాకు బొమ్మ వెయ్యాలనిపిస్తోంది. మీకిష్టమైతే మీ నాన్నగారిని అడుగుతాను."

ఆమె చినుకుల వైపు చూస్తూ, కోపం ఇంకా పూర్తిగా పోలేదని చెప్పింది. సలోమోను సరేనన్నట్టు తలూపాడు.

"అయినా మా నాన్నని అడగక్కర్లేదు" అంది. "నిన్ననే నేను అడిగేశాను."

ఇంతలో సువర్ణరాజు గారు గొడుగు విప్పుకుంటూ వచ్చి, మైలవరం బస్సుకు వేళవుతోందన్నారు. సలోమోనును పైనుంచి కిందికి ఒకసారి చూశారు.

"నువ్వూ రా బాబూ. అమృతమ్మ నీక్కూడా వండింది."