రిస్తీనా రాసిన దారి

“అది నా దూడ!”

నేను అరిచేసరికే ఆలస్యమైపోయింది. రిస్తీనా దాని చెవికి వాళ్ల ఇంటి గంటు పెట్టేసింది.

వేసవిలో రెయిన్‌డీర్ దూడల చెవులు కోసి గంట్లు పెట్టే రోజది. దూడ ఏ తల్లి వెనక పడితే ఆ తల్లి యజమానిదే. ఉత్తరాది మంచునేలల్లో రెయిన్‌డీర్ మందలు మేపుకునే మా సామీల్లో పసిపిల్లలకైనా ఆ సంగతి తెలుసు. ఈ పిల్ల చేతిలో కత్తి ఉంది గాని, మనసంతా నడుముకు దోపుకున్న నోటుబుక్కులో ఉంది.

“కళ్లెక్కడ పెట్టుకున్నావ్?”

“రాయబోయే పేజీ మీద. నీ మొహం మీద పెట్టుకోమంటావా?”

“పెట్టుకుంటే నాకేం నష్టం?”

ఆమె నవ్వాపుకుంది. వాళ్ల నాన్న నీలాస్‌కు మాత్రం నవ్వు రాలేదు. ఒకరి దూడకు ఇంకొకరి గంటు పడితే మాలో అది దొంగతనమే.

“మన భాష మాట్లాడితేనే బడిలో దెబ్బలు. అందులో పుస్తకమట! ఇటివ్వు, పొయ్యిలో పడేస్తా.”

రిస్తీనా నోటుబుక్కును గుండెకు హత్తుకుంది. మూడేళ్లుగా రాస్తోంది పాపం. ఆ కళ్లలో నీళ్లు చూసి నేను దూడ సంగతే మర్చిపోయాను.

“ఆగు మామా. దూడ నాది, జరిమానా అడగాల్సింది నేను. ఆ పుస్తకం అందరికీ చదివి వినిపించమను. అదే జరిమానా.”

జనం మూగారు. రిస్తీనా పేజీ తెరిచి మొదలుపెట్టింది. మందతో పాటు వాళ్ల ఇంటివాళ్లు చలికాలపు మేతనేలకు నడిచే దారి అది. సర్కారు మ్యాపులో ఖాళీ నేల అని ఉన్నచోట ఆమె ప్రతి గుట్టనూ పేరుపెట్టి పిలిచింది. అత్త జారిపడ్డ వాలు, గాలి తిరగబడే కనుమ, అది దాటగానే సరస్సు, అన్నీ మా మాటల్లోనే. మా అమ్మ ముక్కు చీదుకుంది.

“తప్పు!” అని గర్జించాడు నీలాస్.

రిస్తీనా చదవడం ఆపేసింది.

“కనుమ దాటగానే సరస్సెలా వస్తుంది? మధ్యలో ఏరుందిగా! అక్కడే మీ తాత పాట అందుకునేవాడు. అది లేకుండా పుస్తకమేంటి? రాయి!”

జనం కేకలు కొండలకు తగిలాయి. రిస్తీనా ఏడుస్తూ నవ్వింది. నా ఒళ్లు పులకరించింది. ఇక ఆ పుస్తకాన్ని ఎవరూ తగలబెట్టలేరు. ఆ ఊపులోనే నోరు తెరిచాను.

“ఇందులో మీ దారే ఉంది. మా మంద నడిచే దారి లేదు.”

“నాకు తెలియదుగా ఆస్లాత్. ఎవరు చూపిస్తారు?”

“నేను. పెళ్లయ్యాక.”

ఆమె నన్ను నిండుగా చూసింది. “ఎన్నాళ్లకు అడిగావ్! వస్తా.”

భయంభయంగా నీలాస్ వైపు తిరిగాను.

“పెళ్లికి నేనడ్డం రాను,” అన్నాడాయన, కూతురికి పెన్సిల్ అందిస్తూ. “ముందు దాన్ని ఆ ఏరు రాయనీ.”